అపరిమితమను మాటకు కొలత యేది?



ఎరువుల దుకాణములో బస్తా కొనునపుడు మనము మొదట చూచునది బస్తాపై అచ్చువేసిన అంకెను. యూరియా బస్తాపై నత్రజని నూటికి 46 పాళ్లనియు, డి.ఏ.పి. బస్తాపై 18-46 అనియు ఉండును. తూకము వేరుగా వ్రాసియుండును. అంకె యేమియు వేయక, "ఇందులో అపరిమితమైన సత్తువ కలదు" అని మాత్రము వ్రాసి అమ్మజూపిన వర్తకుని మనము నమ్ముదుమా? గడప దాటనీయము. అట్టి మనమే సెల్‌ఫోను దుకాణమునకు పోయి, "అన్‌లిమిటెడ్" అను ఒక్క మాట చూచి, సొమ్ము చెల్లించి, సంతోషముతో ఇంటికి వచ్చుచున్నాము.

నేను వ్యవసాయ ప్రదర్శకుడను. టెలిఫోను విద్య నా వృత్తి కాదు. అయినను ఇటీవల చేలగట్లపై పురుగుమందులను గూర్చి నన్ను అడుగువారెందరో, నెట్టును గూర్చి అడుగువారును అందరగుచున్నారు. వాతావరణము, మార్కెటు ధర, పంట నమోదు, బ్యాంకు జమ, అన్నియు ఆ చేతిపెట్టెలోనికే చేరినవి. కావున నేను విచారించి తెలిసికొన్నంత మట్టుకు ఈ సంచికలో విన్నవించుచున్నాను.

ఒక రాత్రి జరిగిన సంగతి

గడచిన సార్వాలో కృష్ణా కాలువ చివరి భూములలోని ఒక గ్రామమున ఈ సంగతి జరిగినది. అచ్చట ఒక పెద్దరైతు సాంబ మసూరి వేసెను. పైరు పొట్టమీద నున్నది. ఒకనాటి సాయంకాలము ఆయన మడిలో దిగి దుబ్బులు విడదీసి చూడగా, మొదళ్లయందు గోధుమవన్నె దోమలు గుంపులుగా కనబడెను. వెంటనే ఫోటో ఒకటియు, చిన్న వీడియో ఒకటియు తీసి, రాత్రి ఎనిమిది గంటలకు నాకు పంపజూచెను. తెరపై చక్రము తిరుగుచునే యున్నది గాని అవి కదలలేదు. ఆ మధ్యాహ్నమంతయు మనుమడు అదే ఫోనులో క్రికెట్టు పందెము చూచియుండెను.

తెల్లవారకమునుపే కాలువ వంతు వచ్చెను. చివరి భూములవారికి వంతు నీటి విలువ వేరుగ చెప్పనక్కరలేదు. ఆయన మడి నిండ నీరు పెట్టించెను. దోమ పడిన మడికి చేయవలసినది సరిగా దీనికి వ్యతిరేకము. నీరు తీసివేసి మడిని కొన్నాళ్లు ఆరగట్టవలెను. ఫోటో నాకు అర్ధరాత్రి దాటిన పిమ్మట చేరినది. అప్పటికి నేను నిద్రలో నుంటిని. ఉదయము చూచి పరుగున పోవునప్పటికి నీరు నిండియున్నది, మందు కొట్టు కూలీలు వేరొక చేనికి పోయిరి. అంతయు సర్దుకొనునప్పటికి రెండు దినములు గడచెను. సుమారు అర యెకరము మేర పైరు సుడులు సుడులుగా ఎండిపోయెను.

ఆయన గట్టుపై కూర్చుండి నన్ను అడిగిన మాట నేటికిని నా చెవిలో నున్నది. "బాబూ, అపరిమితమని చెప్పి సొమ్ము పుచ్చుకొనిరి గదా. నడుమ ఈ పరిమితి యెక్కడనుండి వచ్చినది?"

నేను ఆయన ఫోనునకు వచ్చిన రీచార్జి సందేశమును తెరచి చదివితిని. అపరిమితము అనునది మాటలకు. డేటా దినమునకు 1.5 జీబీ మాత్రమే. అది ముగిసిన పిమ్మట వేగము 64 కిలోబిట్లకు తగ్గును. ఇది చివరి పంక్తిలో చిన్న అక్షరములతో ఉన్నది.

"పెదనాన్నగారూ, మాటలకు అడ్డు లేదు గదా, నాకు ఫోను చేసియుండవలసినది" అంటిని.

"నెట్టు పోయినది గనుక మాటయు పోయినదనుకొంటిని, నాయనా" అని ఆయన తలవంచుకొనెను.

ఆయన తప్పేమియు లేదు. కొన్న సరకు కొలత ఆయనకు ఎవరును చెప్పలేదు. పరిమితి యుండుట దోషము కాదు. పరిమితి తెలియకుండుటయే దోషమని నేను ఆనాడు గ్రహించితిని. వంతు దినము ముందుగా తెలిసిన రైతు చివరి భూమిలోను పంట తీయగలడు. వంతు తెలియనివాడు కాలువ తలాపున నున్నను చెడిపోవును.

తవ్వయు కుంచమును

నేను చదివిన మిషను పాఠశాలలో లెక్కల అయ్యవారు ఒక నియమము పెట్టిరి. జవాబు సరియైనను, ప్రక్కన గజములో, శేర్లో, రూపాయలో వ్రాయనిచో మార్కు సున్న. నెట్టు విషయమున మనము ఆ నియమమునే పాటింపవలెను.

ఇందు కొలతలు రెండు. మొదటిది వేగము, రెండవది పరిమాణము. వేగమనునది తూము వెడల్పువంటిది. క్షణమునకు ఎంత పారునో చెప్పును. దీనిని బిట్లలో కొలుతురు. పరిమాణమనునది మడికి చేరిన నీరువంటిది; మొత్తము ఎంత వచ్చెనో చెప్పును. దీనిని బైట్లలో కొలుతురు. ఎనిమిది బిట్లు ఒక బైటు. మన పాత కొలతలలో ఎనిమిది తవ్వలు ఒక కుంచము గదా, అట్లే ఇదియును. ప్రకటనలలో వేగమును తవ్వలలోను, పరిమాణమును కుంచములలోను చెప్పుదురు. రెండును "ఎంబీ" అనియే పలుకబడుటచేత మనము భ్రమపడుదుము.

ఇప్పుడు లెక్క వేయుదము. క్షణమునకు 10 మెగాబిట్ల వేగము కలవాడు ఆపక వాడిన యెడల, 1.5 జీబీ సుమారు 20 నిమిషములలో ముగియును. అనగా ఇరువది నాలుగు గంటల దినమునకు ఇచ్చిన వంతు, తూము పూర్తిగా తెరచిన యెడల, ఇరువది నిమిషముల నీరు. ఇక పరిమితి దాటినవాని గతి చూడుడు. 3 ఎంబీ ఫోటో 64 కిలోబిట్ల వేగమున పోవుటకు ఆరు నిమిషములకు పైగా పట్టును. 20 ఎంబీ వీడియోకు సుమారు 42 నిమిషములు. నడుమ ఒక్కసారి తెగినచో అంతయు మొదటికి రావచ్చును. మా పెద్దరైతు చక్రము తిరుగుచుండుటకు కారణమిదియే.

పరిమితి ఏల పెట్టుదురు?

కంపెనీలవారి వాదమును కూడ న్యాయముగా వినవలెను. ఇంటికి వచ్చు గాజుతీగ ఒక్క ఇంటికే సొంతము కాదు. సామాన్యముగా వాడుకలోనున్న పద్ధతిలో, సుమారు 2,500 మెగాబిట్ల వేగము గల ఒక తీగను 32 ఇండ్లకు గాని 64 ఇండ్లకు గాని చీల్చి పంచుదురు. 64 ఇండ్లవారు ఒక్కసారి తూములు పూర్తిగా తెరచిన యెడల ఇంటికి వచ్చునది 39 మెగాబిట్లే. అయినను ప్రతి ఇంటికిని 100 మెగాబిట్లని అమ్మగలుగుచున్నారు. అందరును ఒకే క్షణమున వాడరను ధైర్యమే ఇందుకు ఆధారము. కాలువ క్రింద ఆయకట్టు లెక్కించునదియు ఇట్టి అంచనాతోనే. సెల్‌ఫోను టవరు సంగతి ఇంకను ఇరుకు. అక్కడ గాలిలోని తరంగములే పంపకపు సొత్తు. గ్రామమంతయు ఒక టవరు క్రిందనే యుండును. కొందరు రేయింబవళ్లు సినిమాలు దింపుకొనిన యెడల మిగిలినవారికి అన్యాయము జరుగునని, అందుకే "న్యాయమైన వాడుక విధానము" అను పేరున పరిమితి పెట్టితిమని వారందురు.

ఈ వాదములో సత్యము కలదు. అయినను పూర్తి సత్యము కాదు. చెరువు నీరు నేడు వాడనిచో రేపటికి నిలిచియుండును. తీగలోని వేగము అట్లు నిలువ యుండదు. వాడని క్షణము పోయినదే. అర్ధరాత్రి రెండు గంటలకు ఒకడు పది జీబీలు దింపుకొన్నను పొరుగువానికి నష్టము లేదు. రాత్రి ఎనిమిది గంటలకు అందరును కూడినప్పుడే ఇరుకు. దినమున కింతయని పెట్టిన పరిమితి ఈ రెండు వేళలకు భేదము చూపదు. కావున అది రద్దీకి మందు కొంతయే. ఎక్కువ వాడువాని నుండి ఎక్కువ సొమ్ము రాబట్టు ధరల పద్ధతి మరికొంత. ధరల పద్ధతి తప్పు కాదు. ఎక్కువ నీరు వాడువాడు ఎక్కువ శిస్తు కట్టుట సమంజసమే. దానిని అపరిమితమని పిలుచుట మాత్రమే సమంజసము కాదు.

నిబంధనలు ఏమి చెప్పుచున్నవి?

మన దేశమున టెలిఫోను కంపెనీలపై అజమాయిషీకి 1997లో ట్రాయ్ అను నియంత్రణ సంస్థ ఏర్పడినది. బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకొనుటకు కనీస వేగము 2004లో 256 కిలోబిట్లు. 2013లో 512 కిలోబిట్లు. 2023 జనవరిలో 2 మెగాబిట్లు. ఇరువది ఏండ్లు నిండకమునుపే కొలత ఎనిమిదింతలు పెరిగినది.

పరిమితుల విషయమున రైతు తెలిసికొనవలసిన ఆదేశము 2016 అక్టోబరు 31వ తేదీది. కంపెనీలు తమ వాడుక పరిమితి ఎంతయో, అది దాటువరకు వేగమెంతయో, దాటిన పిమ్మట ఎంతయో ప్రకటనలలో స్పష్టముగా తెలుపవలెనని ట్రాయ్ ఆదేశించినది. తీగ ద్వారా వచ్చు బ్రాడ్‌బ్యాండునకు, పరిమితి దాటిన పిమ్మటను వేగము 512 కిలోబిట్లకు తగ్గరాదనియు ఆదేశించినది. మా పెద్దరైతు వీడియో ఆ వేగమున అయినచో అయిదు నిమిషములలో పోయెడిది.

అదే సంవత్సరము ఫిబ్రవరి 8వ తేదీన మరియొక నిబంధన వచ్చినది. ఫలానా వెబ్‌సైటు చూచిన ఉచితము, ఫలానాది చూచిన ధర, అను భేదము చూపరాదని దాని సారాంశము. పరిమాణమును బట్టి ధర పెట్టవచ్చును. చూచు విషయమును బట్టి పెట్టరాదు. మార్కెటు ధరలు చూచు రైతునకును, పాఠము చూచు బాలునకును, సినిమా చూచువానికిని జీబీ ఒక్కటే జీబీ.

ఈ తగవు మనకే వచ్చినది కాదు. అమెరికాలో కామ్‌కాస్ట్ అను పెద్ద కంపెనీ మొదట అతిగా వాడువారిని తొలగించుచు, ఎంత వాడిన అతియో అంకె చెప్పక యుండెను. ప్రజలు గోలపెట్టిన పిదప 2008 అక్టోబరు 1వ తేదీనుండి నెలకు 250 జీబీ అని ప్రకటించినది. పరిమితి నచ్చనివారు సైతము అంకె బయటపడినందుకు సంతసించిరి. తరువాత 2024 ఏప్రిల్ 10వ తేదీనుండి అచ్చటి పెద్ద కంపెనీలు తమ పథకముల ధర, వేగము, డేటా పరిమాణములను ఒక చీటీపై, ఆహారపు డబ్బాలపై అతికించు చీటీవలె, కొనువానికి చూపవలసి వచ్చినది. మన విత్తనపు సంచిపై మొలకశాతపు చీటీకి ఇది పోలికయే గదా.

మాటలు మాత్రమే కావలసినవారికి

మన సభ్యులలో మీటల ఫోను వాడు వృద్ధులనేకులు కలరు. వారికి నెట్టుతో పని లేదు. అయినను చాలకాలము వారు కొనిన పథకములలో అక్కరలేని డేటా కలిసియే వచ్చుచుండెను; ధాన్యము కొనువానికి తవుడు కూడ అంటగట్టినట్లు. 2024 డిసెంబరు 23వ తేదీన ట్రాయ్ నిబంధనలను సవరించి, మాటలకును సందేశములకును మాత్రమే ప్రత్యేక పథకముండవలెనని కంపెనీలను ఆదేశించినది. ప్రత్యేక రీచార్జి చెల్లుబాటు గడువును 90 దినములనుండి 365 దినములవరకు పెంచుటకు అనుమతించినది. దుకాణదారుడు తనంత తాను ఈ సంగతి చెప్పకపోవచ్చును. అడిగి తీసికొనుడు.

నెట్టు లేనివాడు నిస్సహాయుడని కూడ తలపవలదు. కిసాన్ కాల్ సెంటరు 2004 జనవరినుండి పనిచేయుచున్నది. 1800-180-1551 అను సంఖ్యకు ఖర్చు లేక ఫోను చేసి, తెలుగులోనే సలహా పొందవచ్చును. సొమ్ము పంపుటకు *99# పద్ధతియు, 2022 మార్చిలో వచ్చిన యూపీఐ 123పే పద్ధతియు నెట్టు లేకయే పనిచేయును. దోమ కనబడిన రాత్రి డేటా ముగిసియున్న యెడల, మాట మిగిలియున్నదని మరువకుడు.

మా సంఘములో జరిగిన చర్చ

ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘముల లెక్కలన్నిటిని కంప్యూటరులోనికి మార్చు పథకమును కేంద్ర ప్రభుత్వము 2022 జూన్‌లో ఆమోదించినది. 63,000 సంఘములకు 2,516 కోట్ల రూపాయలు అంచనా వేసినది. లెక్కలు కంప్యూటరునకు చేరిన సంఘమునకు నెట్టు లేకపోయినచో చిట్టా పుస్తకము తాళము వేసిన పెట్టెలో నున్నట్లే. తీగలు కూడ గ్రామములవైపు వచ్చుచున్నవి. ఆంధ్రప్రదేశములో ఫైబర్‌నెట్ తీగలను కరెంటు స్తంభములపైననే లాగిరి. తెలంగాణములో మిషన్ భగీరథ మంచినీటి గొట్టముల వెంబడి గాజుతీగల దారి వేసిరి.

మాకు దగ్గరి సంఘమొకటి కార్యాలయమునకు కనెక్షను తీసికొనదలచి సభ పిలువగా నేనును పోయితిని. ఒక కంపెనీ ప్రతినిధి వచ్చి, "100 ఎంబీపీఎస్, అన్‌లిమిటెడ్" అను కాగితమును అందరికి పంచెను. యువకులు చప్పట్లు కొట్టిరి. ఒక వృద్ధ సభ్యుడు లేచి, "సంఘము సొమ్ముతో సినిమాలు చూచుటకా ఇది?" అని ఆక్షేపించెను. కార్యదర్శి, "ఇది లేనిచో అప్పుల పద్దులు సాగవు, అన్నగారూ" అని సమాధానము చెప్పెను. వాదము ముదురునంతలో పొదుపు సంఘమునుండి వచ్చిన ఒక అమ్మ లేచి ప్రతినిధిని అడిగినది. "బాబూ, ఎంత వాడువరకు ఈ నూరు వేగము? అది దాటిన తరువాత మా గతియేమి? ఆ రెండు అంకెలు ఈ కాగితముపై వ్రాసి సంతకము చేయుము."

ప్రతినిధికి ఆ క్షణమున జవాబు తెలియలేదు. కార్యాలయమును అడిగి చెప్పెదనని పోయి, మరునాడు వ్రాసి పంపెను. నెలకు 3,300 జీబీ. దాటిన పిమ్మట 2 మెగాబిట్లు. ఆ అంకె చేతికి వచ్చినంతనే తగవు తీరెను. 3,300 జీబీ అనగా దినమునకు 110 జీబీ. సంఘము కంప్యూటరునకు దినమునకు రెండు జీబీలైనను పట్టవు. పరిమితి మనలను బాధించునది కాదని తేలినది. అంతేకాక, అంత పెద్ద తూము మనకు అక్కరలేదనియు తేలినది. సభవారు అదే కంపెనీ 40 మెగాబిట్ల పథకమును తక్కువ ధరకు తీసికొనిరి. కొలత తెలియుటవలన కలుగు లాభమిది: మోసపోకుండుట ఒకటి, అక్కరలేని దానికి సొమ్ము పోయకుండుట రెండవది.

ఆ కనెక్షనునే వై-ఫై ద్వారా సభ్యులందరికి పంచుదమని యువకులు కోరిరి. ఒక ఇంటికి గాని కార్యాలయమునకు గాని ఇచ్చిన కనెక్షనును ఇతరులకు అమ్ముటకు ఒప్పందములు సామాన్యముగా అనుమతింపవు. అందులకు వేరొక మార్గము కలదు. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గము పీఎం-వాణి అను పథకమును ఆమోదించినది. దాని క్రింద కిరాణా దుకాణమైనను, సంఘమైనను, లైసెన్సు రుసుము లేకయే పబ్లిక్ డేటా ఆఫీసుగా ఏర్పడి గ్రామస్థులకు వై-ఫై అమ్మవచ్చును. నమోదైన ఒక అగ్రిగేటరుతో కలిసి పనిచేయవలయును. ఇట్టి కేంద్రములనుండి కంపెనీలు విపరీతపు ధర పుచ్చుకొనకుండ, 200 మెగాబిట్లవరకు ఇంటి పథకపు ధరకు రెట్టింపు మించరాదని 2025 జూన్‌లో ట్రాయ్ హద్దు పెట్టినది. మన సంఘములు ఆలోచింపదగిన విషయమిది.

కొనుటకు ముందు అడుగవలసిన అయిదు ప్రశ్నలు

1. వేగమెంత? దించుకొనుటకు ఎంత, పంపుటకు ఎంత? ఆకు ఫోటో పంపు రైతునకు రెండవ అంకెయే ముఖ్యము.

2. పరిమాణమెంత? దినమునకా, నెలకా? నేడు మిగిలినది రేపటికి కలియునా?

3. పరిమితి దాటిన పిమ్మట వేగమెంత? లేక అదనపు సొమ్ము ఎంత?

4. గడువెన్ని దినములు? 28 దినముల పథకమును నెల పథకమని తలంచువాడు ఏటికి పండ్రెండు మారులు కాక పదుమూడు మారులు చెల్లించును. ప్రతి కంపెనీయు 30 దినముల పథకము ఒక్కటియైనను ఉంచవలెనని 2022 జనవరిలో ట్రాయ్ ఆదేశించినది.

5. పైన చెప్పిన ధరగాక మరి యేమి చెల్లించవలెను? తీగ లాగుడు ఖర్చు, పెట్టె అద్దె, జీఎస్టీ కలిపి మొత్తమెంత?

ఈ అయిదింటికి జవాబులు వ్రాతమూలకముగా పుచ్చుకొనుడు. నోటిమాట గాలిమాట.

ఇంటిలో చేసికొనవలసిన పొదుపు

వాట్సాపులో వచ్చు ఫోటోలు, వీడియోలు మనమడుగకయే దిగుచుండును. సెట్టింగులలో దానిని ఆపివేయుడు. వీడియోలు ఒకటి ముగిసిన వెంటనే మరియొకటి తమంత తాము ఆడుటను కూడ ఆపుడు. ఫోనులోని డేటా సేవర్ అను మీటను వేసియుంచుడు. ఇవి తెలియనివారు ఇంటిలోని పిల్లలను అడుగుడు. డేటా ముగించువారికి దానిని కాపాడు ఉపాయమును తెలిసియే యుండును. అన్నిటికన్న ముఖ్యము, సాయంకాలపు పనికి కొంత మిగుల్చుట. విత్తనపు ధాన్యము తీసియుంచిన పిదపనే తిండికి కొలుచు ఇల్లాలివలె, పొలము పనికి కావలసినది నిలిపి మిగిలినది వినోదమునకు ఇయ్యుడు.

అన్యాయము జరిగినచో మొదట కంపెనీ ఫిర్యాదు కేంద్రమునకు ఫోను చేసి, ఫిర్యాదు సంఖ్యను వ్రాసికొనుడు. అచ్చట తీరనిచో ఆ కంపెనీలోనే అప్పీలు అధికారి యుండును. ట్రాయ్ ఒక్కొక్కరి ఫిర్యాదును విచారింపదు. జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915. జిల్లా వినియోగదారుల కమిషనునకు పోవు హక్కు కూడ కలదు. టెలిఫోను తగవులను ఆ కమిషనులు విచారింపవచ్చునని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పుచెప్పినది.

సోదరులారా, మన పెద్దలు తూకపు రాళ్లు సరిచూచుకొనుటకు, ధాన్యపు కుంచము అంచు గీయించుటకు ఎంత పోరాడిరో మీరెరుగుదురు. సహకార సంఘము పుట్టినదే సరియైన కొలత కొరకు. నేడు ధాన్యముతోపాటు మాటయు, బొమ్మయు, వార్తయు కొలిచి అమ్మబడుచున్నవి. సరకు క్రొత్తదేగాని నీతి పాతదే. ఒక్కొక్కరుగా అడిగినచో దుకాణదారుడు నవ్వి పంపవచ్చును. సంఘముగా అడిగినచో వ్రాసి యిచ్చును.

ఆ పెద్దరైతు ఈ దాళ్వాకు తన పథకమును మార్చుకొనెను. ఫోను వెనుక ఒక చీటీ అంటించి, దానిపై మూడు అంకెలు మనుమనిచేత వ్రాయించెను: వేగము, పరిమాణము, దాటిన పిమ్మటి వేగము. మూడింటి ప్రక్కనను ప్రమాణము వ్రాసియున్నది. మా లెక్కల అయ్యవారు చూచినచో పూర్తి మార్కులు ఇచ్చియుందురు.